లెక్కపెట్టని గంట

కొత్తగా నర్సు పనిలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "మీ రోజుల్లో ఎట్లా ఉండేది మేడం?" అని అడుగుతారు. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి నేను చెప్పను. అవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. అక్కడ లేనిది ఒకటి ఉంది, అది రాస్తున్నాను.

నర్సంటే సూది వేయడం, కట్టు కట్టడం అనుకుని వస్తారు. నా అనుభవంలో సగం పని పిలవడమే. మంచం మీద ప్రాణం జారిపోతుంటుంది. మన రెండు చేతులు చాలవు. ఇంకొకరిని పిలవాలి. మనం పిలిచింది వాళ్ళకు ఏమని వినిపిస్తుందో కూడా మనకు తెలిసి ఉండాలి. తుమకూరులో శిక్షణ ఇచ్చినప్పుడు ఈ రెండో మాట ఎవరూ చెప్పలేదు. నేను హనుమక్క దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి అయిన ఖర్చంతా ఆమె భరించింది.

మూడు ఆసుపత్రులు

ఎనభైల్లో పావగడ తాలూకాలో నేను మూడు చోట్ల పనిచేశాను. వాటి అసలు పేర్లు రాయను. ఇక్కడి మనుషుల పేర్లూ మార్చాను.

మొదటిది సర్కారు వాళ్ళది. రాతి గోడలు కాబట్టి రాళ్ళాసుపత్రి అందాం. నా ఉద్యోగం అక్కడే. వరండా చివర రైలు పట్టా ముక్క ఒకటి ఇనుప కమ్మికి వేలాడేది. ప్రాణం మీదికి వస్తే దాన్ని మూడు దెబ్బలు కొట్టాలి. డాక్టరు అన్నం ముందర కూర్చున్నా లేచి రావాలి. రెండోది శెనక్కాయ నూనె మిల్లు యజమానులు కట్టించింది, మిల్లాసుపత్రి. అక్కడ కరెంటు గంట. మూడుసార్లు మోగితే స్ట్రెచర్ తీసుకురమ్మని. మూడోది క్రైస్తవ సన్యాసినులు నడిపేది. జనం అమ్మగార్ల ఆసుపత్రి అనేవాళ్ళు. నడివాకిట్లో రాతి స్తంభానికి కంచు గంట ఉండేది. ఆ గంటకు అర్థం ఏమిటో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వానలు లేని సంవత్సరాలవి. చెరువులు నెర్రెలు విచ్చాయి. బావులు అడుగంటాయి. అట్టడుగు నీళ్ళు తాగి ఊళ్ళకు ఊళ్ళు వాంతిభేదులతో పడ్డాయి. అమ్మగార్ల ఆసుపత్రిలో మనుషులు చాలక రాళ్ళాసుపత్రి నుంచి నన్ను రెండు నెలలకు డెప్యుటేషన్ మీద పంపారు. నేను వెళ్ళిన నాలుగో రోజు హనుమక్క వచ్చింది.

హనుమక్క

మంగళవాడ దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న పల్లె వాళ్ళది. బావి కింద ఉన్న కాస్త నేలలో శెనక్కాయ పీకి కళ్ళంలో వామి వేశారు. దానికి కాపలాగా ఆమె ఆ వామి పక్కనే నేల మీద పడుకుంది. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతులు. భర్త అంజినప్ప ఎద్దులబండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణుంచి బస్సులో తీసుకొచ్చాడు. పాతికేళ్ళ మనిషి. ఇంటి దగ్గర అత్త ఒళ్ళో ఏడాది కూతురు.

వాంతులు కాబట్టి నా వార్డులోకే తెచ్చారు. మంచాలు లేక చాప వేశాం. సెలైన్ పెడుతూ అడిగాను.

"రాత్రి ఏం తిన్నావమ్మా?"

"సంగటే సిస్టరమ్మా. ఇంట్లో అందరూ తిన్నదే." మాట ముద్దగా వస్తోంది. "గొంతులో ఏందో అడ్డం పడినట్ల ఉండాది."

"నిద్ర వస్తోందా? కళ్ళు మూతలు పడుతున్నాయి."

"నిద్ర గాదు. రెప్పలు నా మాట ఇంటల్యా."

ఆ మాట నేను విన్నాను, విని పక్క చాపకు పోయాను. కట్లపాము కరిస్తే కాటు కనిపించదని, వాపు రాదని, కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలతాయని నాకు తెలుసు. చదివాను, రాళ్ళాసుపత్రిలో ఒకసారి చూశాను కూడా. కానీ ఆ వార్డుకు వాంతిభేదుల వార్డు అని పేరు పెట్టుకున్నాం. అక్కడికి వచ్చిన మనిషికి ఇంకేదైనా అయి ఉంటుందని నాకు తోచలేదు. పని పేరు కళ్ళకు గంతలు కడుతుంది. ఇది నా మొదటి తప్పు.

పన్నెండు గంటలప్పుడు మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చాను. నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి ఎత్తి వదిలితే చాప మీద పడిపోయింది. ఎదరొమ్ము దాదాపు లేవడం లేదు. నాడి మాత్రం ఉంది.

డాక్టరు అంటే మదర్ అగాథ. ఆ ఆసుపత్రికి పెద్ద కూడా ఆమే. వాకిలి అవతల కాన్పు గదిలో ఉంది. ఆయా మరియమ్మ నీళ్ళకు పోయింది. నేను వాకిట్లోకి పరుగెత్తి కంచు గంట తాడు పట్టుకుని మూడు దెబ్బలు కొట్టాను. లెక్క తప్పకుండా, ఒకదాని తర్వాత ఒకటి, రాళ్ళాసుపత్రిలో అలవాటైనట్టు.

ఆ నిశ్శబ్దం

తిరిగి వచ్చి హనుమక్క తల వెనక్కి వంచి, నోటి మీద పల్చటి గుడ్డ వేసి ఊదడం మొదలుపెట్టాను. చెవులు మాత్రం వాకిలి వైపే పెట్టాను, అడుగుల చప్పుడు వస్తుందని.

రాలేదు. అప్పటిదాకా ఉన్న చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి. బావి గిలక ఆగింది. వంటింట్లో గిన్నెల మోత ఆగింది. నా వార్డులో చాపల మీద మూలుగుతున్నవాళ్ళు మూలగడం మానేశారు.

కిటికీలోంచి చూశాను. మరియమ్మ చంకలో బిందెతో వాకిలి మధ్యలో నిలబడి ఉంది. ఒక కాలు ముందుకు వేసి అలాగే ఆగింది. బిందెలోంచి నీళ్ళు కారి ఆమె చీర తడుస్తోంది. మందులిచ్చే ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని ఉన్నాడు. రోగుల తాలూకు మగవాళ్ళు తలగుడ్డలు తీసి పట్టుకున్నారు. అందరూ తలలు వంచుకున్నారు. నడినెత్తిన ఎండ. ఎవరి నీడ వాళ్ళ కాళ్ళ కింద ముద్దగా ఉంది. ఒక్క నీడా కదలడం లేదు.

"ఎవరైనా రండి! డాక్టరమ్మా!" అని అరిచాను. మరియమ్మ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది.

ఊదాను. మళ్ళీ అరిచాను. మధ్యాహ్నం వేళ, నిండుగా మనుషులున్న చోట, నా గొంతు ఒక్కటే వినిపించడం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. వాళ్ళందరూ బతికి ఉన్నారా అన్న ఆలోచన కూడా వచ్చింది. అప్పుడు పక్క చాప మీద ముసలావిడ నెమ్మదిగా అంది:

"ఇంగ యాల అరుస్తావు తల్లీ. కొట్టేసినావు గదా."

"ఏం కొట్టాను?"

"మూడు కొడితే సావు గదా ఈడ. ఒంటి దెబ్బ కొట్టేదంకా ఎవురూ కదల్రు."

అప్పుడు తెలిసింది. అమ్మగార్ల ఆసుపత్రిలో ఎవరైనా పోతే మూడు దెబ్బలు. విన్నవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే నిలబడి పోయినవాళ్ళ కోసం ప్రార్థించాలి. మతం ఏదైనా సరే నిలబడేవాళ్ళు. తర్వాత ఒంటి దెబ్బ కొడితే కదలాలి. ఆ ఒంటి దెబ్బ కొట్టాల్సింది గంట మోగించిన మనిషే. అంటే నేనే. గంట తర్వాత ఏడుపులు, అరుపులు వినిపించడం వాళ్ళకు అలవాటు. నన్ను ఎవరో చుట్టం అనుకున్నారు.

మళ్ళీ గంట దాకా పోవాలంటే హనుమక్కకు ఊదడం ఆపాలి. ఆపకపోతే ఎవరూ రారు. ఆమె నోట్లోకి రెండుసార్లు నిండా ఊది లేచి పరుగెత్తాను. ఈసారి లెక్కపెట్టలేదు. తాడు రెండు చేతులతో పట్టుకుని ఆపకుండా, పిచ్చిదానిలా కొట్టాను. మొదట మరియమ్మ తల ఎత్తింది. బిందె జారి రాళ్ళ మీద పడింది. ఆ చప్పుడుకు వాకిలంతా ఒక్కసారిగా కదిలింది.

నాకంటే ముందు వార్డులోకి వెళ్ళిన మరియమ్మ దుప్పటి తీసి హనుమక్క ముఖం మీద కప్పేసింది. ఆమె తప్పేం లేదు. గంట చెప్పింది, ఆమె నమ్మింది.

"కప్పొద్దు! నాడి ఉండాది!" అని దుప్పటి లాగేశాను.

మదర్ అగాథ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. రెప్ప ఎత్తి చూసింది. "యాడ పడుకునింది ఈయమ్మ?" అని ఒక్కటే అడిగింది. వామి పక్కన అన్నాను. "కట్లపాము," అంది. ఆమె కేరళ మనిషి. ఇక్కడ ముప్పై ఏళ్ళు ఉండి మా యాసే పట్టుబడింది.

ఊపిరి పెట్టే రబ్బరు తిత్తి కాన్పు గదిలోంచి వచ్చింది. విషానికి సూది మందు ఎక్కించాం. ఆ తిత్తిని మేం వంతులు వేసుకుని రెండు రోజులు చేత్తో నొక్కాం.

ఆమె విన్నది

మూడో రోజు హనుమక్క కళ్ళు తెరిచింది. ఇంకో రోజుకు మాట వచ్చింది. నేను ముఖం తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"సిస్టరమ్మా, గంట ఎవురికి కొట్టినారు?"

"ఎవరికీ కాదమ్మా. పొరపాటున కొట్టాం."

"నాకంతా వినపడతా ఉండె. ఒళ్ళు కదల్దు, రెప్ప లేవదు. చెవులు మాత్రం ఉండె. మూడు కొట్టినారు. అందరూ గమ్మునైపోయిరి. మా చిన్నాయన ఈడనే పోయినాడు, నాకి తెలుసు ఆ గంట. ఓహో, నేను సచ్చిపోయినా, సావంటే ఇదేనేమో, చెవులు మిగుల్తాయేమో అనుకుంటి." మణికట్టు వదల్లేదు. "నువ్వు ఊదతా ఊదతా లేసి పోతివి. అడుగులు పోతా ఉండేది వింటి. ఆయమ్మ గూడా ఇడిసేసింది అనుకుంటి."

మెదడులోకి విషం పోదని, ఒళ్ళు చచ్చుబడిపోయినా ఆ మనిషికి అన్నీ తెలుస్తాయని నాకు తెలుసు. తెలియడం వేరు, ఆమె నోటి నుంచి వినడం వేరు. అప్పటినుంచి నేను కదలని రోగి దగ్గర మాట్లాడకుండా పని చేయలేదు. "సూది వేస్తున్నానమ్మా, ఇప్పుడే వస్తానమ్మా" అని చెప్పి లేచేదాన్ని. మీరూ చెప్పండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

గుంత

ఆ రోజు మూడు దెబ్బలు మోగినప్పుడు అంజినప్ప వాకిట్లోనే ఉన్నాడు. వాళ్ళ ఊరి మనిషి ఒకడు పక్కనే నిలబడి, "మీ వార్డే అప్పా, నీ పెండ్లామే" అని, కబురు చెప్పడానికి మధ్యాహ్నం బస్సుకే పోయాడు. ఆమె బతికే ఉందని వెంటనే చెప్పడానికి ఫోన్లు లేవు. ఊళ్ళో గుంత తవ్వేశారు.

మర్నాడు పొద్దున అత్త సంజీవమ్మ, ఇద్దరు మగవాళ్ళు శవాన్ని తీసుకుపోవడానికి వచ్చారు. వాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి తిత్తి నా చేతుల్లో ఉంది. నేను నొక్కితే హనుమక్క ఎదరొమ్ము లేస్తోంది, వదిలితే దిగుతోంది. కళ్ళు మూసి ఉన్నాయి, దవడ వేలాడుతోంది. సంజీవమ్మ గడప దాటలేదు. చాలాసేపు చూసి వెళ్ళిపోయింది.

హనుమక్కను ఇంటికి పంపిన నెలకు మళ్ళీ చూపించుకోవడానికి రమ్మన్నాం. రాలేదు. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. ఇంటి వెనక పశువుల కొట్టంలో ఉంది. చిక్కిపోయింది.

"ఈడ యాల ఉండావు?"

"లోపలికి రానీరు సిస్టరమ్మా. గంట కొట్టించుకునిందాన్ని గదా." కోపం లేకుండా చెప్పింది. "నా చేతి నీళ్ళు తాగరు. శెనక్కాయ ఒలిచే పనికి పిలవరు. పాపను చూపించరు. దాని ఏడుపు మాత్రం వినపడతాది."

"అంజినప్ప ఏమంటాడు?"

"అన్నం తెచ్చి ఆడ పెట్టి పోతాడు. నా ముఖం చూడడు."

సంజీవమ్మను అడిగాను. ఆమె నాకు మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, మర్యాదగానే మాట్లాడింది. మనవరాలు చంకలో ఉంది.

"అమ్మా, నేను కండ్లతో చూసినా. దాని లోపల ఊపిరి లేదు. తిత్తితో నింపుతా ఉంటిరి. ఇప్పుడు దాంట్లో ఉండే ఊపిరి ఎవురిదో నాకి తెల్దు. బిడ్డను ఎట్ల ఇయ్యల్ల?"

విషం గురించి, నరాల గురించి చెప్పాను. ఆమె తల ఊపింది. నమ్మలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు హనుమక్క ఊరి బయటిదాకా నాతో వచ్చింది. ఆమెను చూసి దారిలో ఇద్దరు ఆడవాళ్ళు పక్కకు తిరిగి నిలబడ్డారు. చేని గట్టు పక్కన మట్టిదిబ్బ ఒకటి చూపించింది.

"తవ్విన గుంత ఉత్తది పూడ్చకూడదంట. నా చీర పెట్టి పూడ్చినారు. ఆ పక్కనుంచి పోవాలంటే నాకే బయం." మామూలు గొంతుతోనే అంది. "ఒకోసారి అనిపిస్తాది, ఆడుండేదే నేనేమో అని."

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. నేను ఆ దిబ్బను చూసి ఆమె ముఖం చూశాను. నాకు ఒక్క క్షణం, సిగ్గుపడుతూ రాస్తున్నాను, ఆమె చెయ్యి ముట్టుకోవాలంటే జంకు కలిగింది. ఆ ఊపిరిని నా చేతులతో నొక్కినదాన్ని నేను. నాకే అలా అయితే సంజీవమ్మను ఏమనగలను?

పెద్దవాళ్ళు

రాళ్ళాసుపత్రిలో మా డాక్టరు నంజుండయ్య. మంచి వైద్యుడు. రోగి చెప్పేది ఓపికగా వింటాడు, నర్సు చెప్పేది వినడు. మూడు ఆసుపత్రుల్లోనూ గంటకు ఒకే అర్థం ఉండాలని ఆయనకు చెప్పాను.

"ఏంది సిస్టర్, గంటకి గూడా మీటింగా? పైనుంచి సుత్తోలె రానీ, చూస్తాం." సుత్తోలె అంటే సర్క్యులర్. అది రాలేదు. పైవాళ్ళకు మా గంటలు వినిపించవు.

నేను ఊరికే ఉండలేక ఒక కాగితం తయారుచేశాను. ఒక దెబ్బ అయితే ఇది, రెండయితే అది, రెండు కొట్టి ఆగి ఒకటి కొడితే ఇంకోటి. పన్నెండు రకాలు రాశాను. చాలా గొప్పగా చేశానని అనుకున్నాను. దాన్ని మరియమ్మకు చదివి వినిపించాను. చదువురాని మనిషి, కానీ ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో పరుగెత్తేది ఆమే. అంతా విని అంది:

"అమ్మా, పానం పోతా ఉంటే ఎన్ని కొట్టినారని లెక్క పెట్టేదెవురు? ఆ పొద్దు నువ్వు లెక్క లేకుండా కొట్టినావు చూడు, అప్పుడు గదా నాకి కాళ్ళు వచ్చింది."

కాగితం చించేశాను. ఆ కాగితం రాయడం నా రెండో తప్పు. కుర్చీలో కూర్చుని రాసే గుర్తులు పరుగెత్తేవాళ్ళకు పనికిరావు. ముందు వాళ్ళను అడగాలి.

ఏడాదిన్నర గడిచింది. మిల్లాసుపత్రికి పంపిన మా నర్సు ఒకామె అక్కడ రోగికి ఊపిరి ఆడక మూడుసార్లు గంట నొక్కితే, డాక్టరుకు బదులు ఇద్దరు మనుషులు స్ట్రెచర్‌తో నిదానంగా వచ్చారు. ఆ రోగి దక్కలేదు. అతను నంజుండయ్య గారికి తెలిసిన మనిషి. ఆ మర్నాడు ఆయనే నన్ను పిలిచి, "ఆ గంట సంగతి ఏందో చెప్పు సిస్టర్," అన్నాడు. పెద్దవాళ్ళు ఎప్పుడు వింటారో అప్పుడే చెప్పడానికి మాట సిద్ధంగా ఉంచుకోవాలి. దెప్పకూడదు. నేను దెప్పలేదు, నోటి దాకా వచ్చింది.

మిల్లాసుపత్రి వెనక, శెనక్కాయ మూటల వాసన వచ్చే గదిలో కూర్చున్నాం. ముగ్గురు డాక్టర్లు, నేను, మరియమ్మ. హనుమక్కను కూడా పిలిపించాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది.

మదర్ అగాథ చావు గంట వదులుకోవడానికి ఒప్పుకోలేదు. "ముప్పై ఏండ్లు కొట్టినాం. దిక్కు లేనోళ్ళు పోతే ఆ మూడు దెబ్బలే వాళ్ళకి మర్యాద. దాన్ని తీసేయమంటే ఎట్ల?" ఆ మాటలో న్యాయం ఉంది.

హనుమక్క గుమ్మం దగ్గరనుంచి అంది:

"సచ్చినోళ్ళకి నిదానంగా చేసుకోవచ్చు తల్లీ. వాళ్ళు యాడికి పోతారు. నేను ఇంగా పోలేదు. నా కోసరం ఎవురన్నా వస్తారేమో అని వింటా ఉంటి."

మదర్ అగాథ ఆమె వైపు తిరిగింది. తర్వాత తన జపమాల జేబులో పెట్టుకుని, "సరే," అంది.

మూడు చోట్లా ఒకటే పద్ధతి పెట్టుకున్నాం. ప్రాణం మీదికి వస్తే గంట ఆపకుండా కొట్టాలి. మనిషి వచ్చేదాకా ఆపకూడదు. కొట్టేవాళ్ళు వార్డు పేరు అరవాలి. విన్నవాళ్ళు చేతిలో ఏం ఉన్నా కింద పెట్టి రావాలి. నిప్పుకు గంట వద్దు, ఈల. చావుకు ఏ చప్పుడూ వద్దు. కొత్తగా వచ్చిన ఎవరికైనా మొదటి రోజే, సంతకం పెట్టక ముందే, గంట కొట్టి వినిపించి అర్థం చెప్పాలి. అంతే. అందులో నేను రాసిన మాటలు తక్కువ, మరియమ్మ చెప్పినవి ఎక్కువ.

రెండు నెలల్లో మిల్లాసుపత్రిలో ఒక పసిబిడ్డ గొంతులో శెనక్కాయ గింజ ఇరుక్కుంది. గంట మోగింది. డాక్టరు సబ్బు నురగ చేతులతోనే వచ్చి, బిడ్డను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచాడు. గింజ నేల మీద పడింది. మాకు వచ్చిన లాభం అది.

నష్టం కూడా చెప్పాలి. అమ్మగార్ల ఆసుపత్రిలో ఆ తర్వాత ఒక ముసలాయన పోయాడు. గంట లేదు. ఆయన మంచం పక్కనుంచే ఇద్దరు పిల్ల నర్సులు నవ్వుకుంటూ పోయారు. కొడుకు బయట కూర్చుని బీడీ తాగుతున్నాడు, గంటసేపు ఎవరూ చెప్పలేదు. చావు నిశ్శబ్దంగా ఉంటే దాన్ని మరిచిపోవడం సులభం. అప్పటినుంచి డాక్టరే స్వయంగా వెళ్ళి, చుట్టాల పక్కన కూర్చుని చెప్పాలని ఇంకో మాట చేర్చాం. అది ఇప్పటికీ సరిగ్గా జరగడం లేదు.

ఉత్త గుంత

మీటింగు అయిన వారానికి మదర్ అగాథ నన్ను పిలిచింది.

"నాగరత్నా, గంట కొట్టింది నువ్వు. దానికి సావని అర్థం పెట్టింది మేము. ఇద్దరం పోవల్ల."

బస్సు దిగి నడిచి వెళ్ళాం. తెల్ల బట్టల్లో ఇద్దరం వస్తుంటే ఊరు ఊరంతా వాకిళ్ళలోకి వచ్చింది. మదర్ అగాథ సంజీవమ్మ ఇంటి ముందు నిలబడి, ఊరందరికీ వినబడేలా చెప్పింది.

"మా గంట తప్పు చెప్పింది. నీ కోడలు ఆ పొద్దు సావలేదు. తప్పు మాది."

సంజీవమ్మ మనవరాలిని ఎత్తుకుని గడపలో నిలబడింది. పిల్లకు అప్పటికి మూడేళ్ళు వస్తున్నాయి. "ఊపిరి సంగతి చెప్పు తల్లీ," అంది. "ఆ తిత్తిలో ఉండేది ఎవురిది?"

"గాలి. మీ చేను మీద వీచే గాలే ఆడా వీస్తాది. రెండు దినాలు మేము నొక్కినాం. మూడో దినం ఆయమ్మే పీల్చుకునింది."

ఆ ఆసుపత్రి వాకిట్లో చూసినట్టే అందరూ కదలకుండా నిలబడ్డారు.

హనుమక్క కొట్టంలోంచి బయటికి వచ్చింది. చేతిలో గడ్డపార. ఎవరి వైపూ చూడకుండా వీధి దాటి చేని గట్టు వైపు నడిచింది. మేమిద్దరం వెనకే వెళ్ళాం. ఊరు దూరంగా వెంట వచ్చింది. అంజినప్ప కూడా వచ్చాడు.

దిబ్బ దగ్గర ఆమె ఒక్కతే తవ్వింది. నేను సాయం పట్టబోతే వద్దంది. గట్టి నేల, గడ్డపార దిగినప్పుడల్లా రాయి మీద పడ్డట్టు మోగింది. నడుము లోతు వచ్చాక వంగి చేత్తో మట్టి తోసి, చీర బయటికి లాగింది. ఎర్ర అంచు ఆకుపచ్చ చీర. రెండేళ్ళు వాన పడలేదు కదా, చీర చీకలేదు. మడతలు కూడా పోలేదు. నిన్న పెట్టెలో పెట్టినట్టు ఉంది. వెనకాల ఆడవాళ్ళలో ఎవరో "అమ్మా" అన్నారు.

హనుమక్క చీర గట్టు మీద పెట్టి, మళ్ళీ గుంతలోకి వంగింది. నేల మీద అరచెయ్యి ఆనించి, తల పక్కకు తిప్పి, కాసేపు చెవి పెట్టింది. ఆమె ఏం చెబుతుందో నాకు నిజంగా తెలియదు.

లేచి నిలబడింది.

"ఎవురూ లేరు," అంది.

గుంతలోంచి ఎక్కి వచ్చి గడ్డపారతోనే మట్టి లోపలికి తోయడం మొదలుపెట్టింది. ఉత్తదే పూడుస్తోంది. ఎవరూ అడ్డం చెప్పలేదు. సగం పూడ్చాక అంజినప్ప వచ్చి ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు ఆమె ముఖం చూశాడు. మిగిలింది అతనే పూడ్చాడు.

హనుమక్క ఎండలో చేతులు వేలాడేసి నిలబడింది. ఒళ్ళంతా ఎర్రమట్టి. ఆయాసంతో రొప్పుతోంది, ఆ రొప్పు అందరికీ వినిపిస్తోంది. సంజీవమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. కోడలికి నాలుగడుగుల దూరంలో ఆగి, ఎగిరిపడుతున్న ఆ ఎదరొమ్మును ఆసుపత్రి గుమ్మంలో చూసినంతసేపు చూసింది. తర్వాత చంకలోంచి పిల్లను కిందికి దించింది.

"పోవే," అంది. "మీయమ్మ."

పిల్లకు ఆమె ఎవరో తెలియదు. అవ్వ కొంగు వదల్లేదు. హనుమక్క తొందరపడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి చేతులు చీరకు తుడుచుకుని, ఎదురు చూసింది.